పై రేవు

మా అత్త సన్యాసమ్మని, నీకు ఈత ఎవరు నేర్పారని అడిగితే, "నీకు నడక ఎవులు నేర్పేరే?" అని ఎదురు ప్రశ్న వేసేది. ఆవిడ పుట్టిల్లు దేవరాపల్లికి పైన, శారదా నది ఒడ్డున. మా వైపు దాన్ని నది అనం, ఏరు అంటాం. వాళ్ళమ్మ చిన్నమ్మి ఏటి అవతల గట్టున వంగ, మిరప వేసేది. ఎండిన ఆనపకాయ బుర్రలు రెండు కూతురి నడుముకు కట్టి నీళ్ళలోకి దించింది. కొన్నాళ్ళకు ఆ బుర్రలు విప్పేసింది. పిల్ల తేలింది. నేర్పడం అంతటితో అయిపోయింది.

సన్యాసమ్మ పెద్దమనిషి అయ్యాక కూడా చిన్నమ్మి మార్చింది పెద్దగా ఏమీ లేదు. పేరంటం చేసి, పదిమందికీ పసుపు కుంకాలు ఇచ్చి, మళ్ళీ నెల వచ్చేసరికి, "గుడ్డ గట్టిగా బిగించి కట్టుకో. అవతలకి పద, మొక్కలకి నీల్లెట్టాల. ఒడ్డెక్కినాక ఆ గుడ్డ ఉతికి ఎండలో ఎయ్యి," అంది. తోటకు మనిషి కావాలి. మొక్కలు ఎవరి నెలా చూసుకుని ఎండవు కదా.

చోడవరం పక్కన మా ఊరికి ఆవిడ కోడలిగా వచ్చింది యాభయ్యో సంవత్సరం ప్రాంతంలో. మా మేనమామ పరదేశి భార్య. నేనప్పటికి పుట్టలేదు. ఇదంతా మా అమ్మ నూకరత్నం దగ్గరా, మా అత్త దగ్గరా విడివిడిగా విన్నది. ఇద్దరూ చెప్పేదానికి ఎక్కడా తేడా ఉండేది కాదు, తిట్ల దగ్గర తప్ప. అమ్మ తిట్లు మింగేసి చెప్పేది. అత్త ఒక్కటీ వదలకుండా చెప్పేది.

పుట్టింటి ముందు పారిన ఏరే అత్తింటి ముందూ పారుతోందని తెలిసి సన్యాసమ్మ చాలా సంతోషపడిందట. మా ఊరి ఇళ్ళకూ ఏటికీ మధ్య చెరకు మళ్ళు ఉండేవి. ఊరంతటికీ ఒకటే రేవు. రేవుకు కాస్త పైన ఒడ్డునే మా మడి ఒకటి, ఏటికి అవతల ఇంకో పొలం చెక్క. స్నానాలూ, బట్టలుతకడమూ, గేదెల్ని తోమడమూ అన్నీ రేవులోనే. ఎవరైనా పోతే ఆ ఇంటివాళ్ళు వచ్చి మునిగేదీ అక్కడే. తాగడానికి మాత్రం పక్కన ఇసకలో చెలమలు తవ్వుకుని, అందులో ఊరిన నీళ్ళు కొబ్బరిచిప్పతో ముంచుకునేవారు. అంతమందిలోనూ ఆ రేవులోకి దిగకూడనివాళ్ళు ముట్టై బయట ఉన్న ఆడవాళ్ళు మాత్రమే.

వాళ్ళకు వేరే చోటు చూపించారు. గోడలు పెట్టడానికి మట్టి తవ్వుకోగా ఊరి వెనకాల మిగిలిపోయిన పెద్ద గొయ్యి. వానలకు నిండేది, ఆ తరవాత ఏడాదంతా నిలవుండేది. పాచి, జలగలు, మధ్యాహ్నమైతే పొర్లడానికి వచ్చే పందులు. ముట్టు పాకలో కూర్చున్న ఆడవాళ్ళు ఒళ్ళు కడుక్కోవాలన్నా, గుడ్డ ఉతుక్కోవాలన్నా ఆ గొయ్యే గతి. ఉతికిన గుడ్డ మగవాళ్ళ కంట పడకూడదు కాబట్టి పాక చూరులో దోపేవారు. అక్కడ అది ఆరేది కాదు. ఆ చెమ్మగుడ్డే మళ్ళీ కట్టుకునేవారు.

మా అమ్మమ్మ దేముడమ్మ, అంటే సన్యాసమ్మకు అత్తగారు, చెడ్డమనిషి కాదు. కోడలు ఈదుకుంటూ అవతలి చెక్కకు వెళ్ళి గడ్డి కోసుకుని బుర్రల మీద తేల్చి తెస్తుంటే, పనికి కలిసొస్తోందని సంతోషించేది కూడా. కానీ ఆ నాలుగు రోజులూ వచ్చాయంటే గుమ్మంలో కూర్చుని కనిపెట్టేది. కోడలి అడుగు ఏటి దారి పట్టకూడదు.

కొత్తలో సన్యాసమ్మ నోరు మూసుకుంది. "ఏటి సప్పుడు ఇనపడతంటే, ఆ కుల్లు నీల్లు ఒంటిమీద పోసుకోవాల. ఒల్లు జలదరించీది. అయినా పోసుకున్నాను. ఎందుకు పోసుకున్నానో ఇప్పటికీ నాకు తెల్దు," అనేది.

ఏళ్ళు గడిచినా ఆవిడకు పిల్లలు కలగలేదు. అందుకు ఊరు కారణం కనిపెట్టేసింది. "ఎప్పుడు సూసినా నీల్లల్లోనే. నానిపోయిన కడుపులో ఏటి నిలస్తాది?" అని రేవులో ఆవిడకు వినపడేలాగే అనుకునేవారు. ఒకరోజు భోజనాల దగ్గర మా అమ్మమ్మ కొడుక్కి ఇంకో సంబంధం చూద్దామన్న మాట ఎత్తింది. మా మావయ్య కంచం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, చెరకు తోటలోకి పోయాడు. చీకటి పడ్డాక గానీ రాలేదు. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మా అమ్మకు అప్పటికి ఇంకా పెళ్ళి కాలేదు. ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. గొయ్యిలో నీళ్ళు చిక్కబడి ముదురాకుపచ్చగా మారాయి. చెమ్మగుడ్డ ఒరుసుకుపోయి అమ్మకు తొడల మధ్య పుళ్ళు పడ్డాయి. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ నెల వచ్చి పాకలో కూర్చున్నప్పుడు జ్వరం ముంచుకొచ్చి, మాట తెలియకుండా పడిపోయింది. బయట ఉన్న పిల్లను ముట్టుకోకూడదు గనక అమ్మమ్మ పాక ముందు నిలబడి గుండెలు బాదుకుంటోంది. సన్యాసమ్మ తిన్నగా లోపలికి పోయి, ఆడపడుచును భుజాన వేసుకుని బయటికి వచ్చింది.

"ముట్టీసుకున్నావేటే దాన్ని!" అంది అమ్మమ్మ.

"ముట్టీసుకున్నాను. బండి కట్టమను నీ కొడుకుని."

చోడవరం ఆసుపత్రిలో అప్పుడు ఒక పెద్ద వయసు నర్సు ఉండేది. ఎక్కడో కింద జిల్లాల నుంచి వచ్చిన మనిషి. అమ్మ ఒంటి మీద చీర తొలగించి చూసింది.

"ఏ నీళ్ళతో కడుక్కుంటోంది ఈ పిల్ల?"

సన్యాసమ్మ గొయ్యి సంగతి చెప్పింది.

"మీ ఊరికి ఏరు లేదా?"

"ఉన్నాది. మమ్మల్ని దిగనియ్యరు."

నర్సు పుళ్ళు కడిగి, మందు వేసి, చేయవలసినవి చెప్పింది. గుడ్డను సబ్బు పెట్టి మంచినీళ్ళలో ఉతకాలి. ఎండలో ఫెళఫెళలాడేలా ఆరనివ్వాలి. తడిగుడ్డ కట్టుకోకూడదు, పూటపూటకూ మార్చుకోవాలి. పుళ్ళు మానేదాకా ఈ పిల్ల ఏట్లోకి కూడా దిగకూడదు, కాచి చల్లార్చిన నీళ్ళే వాడాలి.

"మానినాక?" అని అడిగింది సన్యాసమ్మ.

"మానాక ఏట్లో స్నానం చేస్తే ఏం?"

"ముట్టులో ఈదితే నెత్తురు లోపలికి పోయి కడుపు పండదంటారు గదమ్మా."

నర్సు నవ్వలేదు. ఎదుట ఉన్న మనిషి ఆ మాట తన కోసమే అడుగుతోందని ఆవిడకు అర్థమై ఉంటుంది. "అదంతా ఉత్తమాట. ఈదితే ఎక్కడికీ పోదు. కానీ నేను చెప్పానని మీ ఊళ్ళో అనకమ్మా. నేను పరాయిదాన్ని. నా మీద కోపంతో మీ ఆడవాళ్ళను ఇక్కడికి పంపడం మానేస్తే చచ్చేది వాళ్ళే."

సన్యాసమ్మ ఆవిడ ఊసు ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఆ తరవాత ఎవరు ఎంత నిలదీసినా, ఏ పెద్దవాళ్ళ పేరూ చెప్పుకోకుండా తన నోటితోనే జవాబు చెప్పుకుంది.

అమ్మ లేచి తిరగసాగింది. వానలు కురిశాయి, ఏరు నిండింది. దసరా దాటేసరికి బురద తేరుకుని నీళ్ళు తేటపడ్డాయి. అప్పుడు సన్యాసమ్మకు నెల వచ్చింది. పాకలో చాప వేసుకోమంది అమ్మమ్మ. ఆవిడ చాప జోలికి పోలేదు. చీర గోచి పోసి బిగించి, శుభ్రమైన గుడ్డ ఒకటి ఒడ్డున పెట్టుకోవడానికి చేత్తో పట్టుకుని బయలుదేరింది. ఎవరూ లేని వేళ చూసుకోలేదు. పొద్దెక్కి రేవు కిటకిటలాడే వేళ చూసుకుంది.

"ఎవులూ లేనప్పుడు దిగితే అది దొంగతనం. నాను దొంగనేటి?" అనేది.

రేవులో మునసబు గణపతిరావు భార్య కనకమహాలక్ష్మి బిందె తోముకుంటోంది. తలెత్తి చూసింది.

"ఒలే సన్యాసమ్మా, నువ్వు బయటున్నావు గదే!"

"ఉన్నాను."

"మరి ఇలాగొస్తన్నావేటే?"

"తానానికి."

ఆడవాళ్ళు బిందెలు లాక్కున్నారు, పిల్లల్ని రెక్కలు పట్టి ఈడ్చారు. సన్యాసమ్మ మెట్టు మెట్టు దిగి, నడుంలోతుకు వెళ్ళి, చేతులు చాపి ముందుకు ఒరిగింది. పొద్దున్నుంచి పొత్తికడుపును మెలిపెడుతున్న నొప్పి ఆ చల్లటి నీళ్ళలో వదులైందట. ఏటికి అడ్డంగా ఈది, అవతలి గట్టు తాకి, వెనక్కు తిరిగింది. తిరిగొచ్చేసరికి రేవులో పురుగు లేదు. ఎవరో కంగారులో వదిలేసిన ఇత్తడి చెంబొకటి నీళ్ళలో తేలుతూ పోతుంటే పట్టుకుని మెట్టు మీద పెట్టింది.

మర్నాడు మునసబు అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. మా మావయ్యనూ, అమ్మమ్మనూ, సన్యాసమ్మనూ పిలిపించారు. ఊరి ఆడవాళ్ళంతా గోడల వెనక చేరారు. గణపతిరావు నెమ్మదస్తుడు. గొడవలంటే ఆయనకు తలనొప్పి. అందుకే ముందు మెత్తగా చెప్పి చూశాడు.

"సూడమ్మా. ఏరంటే గంగమ్మ తల్లి. మైల మనిసి దిగితే ఊరికి అరిష్టం. రేపు చెరుక్కి ఎర్ర తెగులొస్తే అందరూ నీ పేరే సెప్పుకుంటారు. తప్పయిపోనాదని ఓ మాటనీయి. పసుపు నీల్లు జల్లించి ఊరుకుంటాం."

సన్యాసమ్మ ముసుగు సర్దుకుంది. "బాబూ, మా కన్నోరి ఊరు ఏదో మీకు తెలుసును గదా?"

"దేవరాపల్లి కాడ."

"అది ఈ ఏటికి పైనా, కిందా?"

"పైనే."

"నాను పెద్దమనిసినైన కాణ్నుంచీ మాయమ్మ నన్ను ముట్టులో ఉన్నా ఏరు దాటించి తోటకి తోలీది. అన్నేల్లూ నాను దిగిన నీల్లు ఎక్కడికొచ్చేయి బాబూ? మీ రేవుకే వచ్చేయి. మీరందరూ మునిగేరు. మీ చెలమల్లో ఊరేయి, తాగేరు. నాను ఈ ఊరికి కోడలిగా రాకముందే నా మైల ఈ ఊరొచ్చీసింది. అప్పుడు రాని అరిష్టం ఇప్పుడెక్కణ్నుంచి వస్తాది?"

గోడ వెనక ఎవరో ఫక్కున నవ్వి, నోరు మూసుకున్నారు. గణపతిరావు ముఖం కందిపోయింది.

"పై ఊల్లలో ఏటి సేసుకుంటారో మనకెందుకు? మన కట్టు మనది."

"గేదిని తోముతారు ఆ రేవులో. అది ఏట్లోనే పేడేస్తాది. గంగమ్మకి దాని మైల తగల్దు, నా మైల తగుల్తాదేటి?"

ఆయన ఆవిడను వదిలేసి మా మావయ్య మీదికి తిరిగాడు. "ఒరే పరదేశీ! పెల్లాన్ని ఆపలేవేట్రా నువ్వు?"

మా మావయ్య జీవితంలో నలుగురి ముందూ నోరు విప్పింది అదొక్కసారేనంటారు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, "ఆపలేను బాబూ. గట్టు మీదైతే ఏటో గానీ, నీల్లల్లో నాకు అందదు," అన్నాడు.

ఈసారి అరుగు మీదే నవ్వు లేచింది. గణపతిరావుకు అది మరీ కష్టమనిపించింది. "దేముడమ్మా, పెద్దదానివి నువ్వు సెప్పు. నీ కోడలు సేసింది తప్పా కాదా?"

"తప్పే," అంది అమ్మమ్మ వెంటనే. ఒక అడుగు ముందుకు వేసింది. "ఆ గోతి నీల్లు పోసుకుని నా కూతురు సావబోయింది బాబూ. దాన్ని ఆ గోతికి పంపింది నానే. మీరెట్టిన కట్టు గదా అని పంపేను. అదీ తప్పే. ఆ తప్పు ఎవులిదో కూడా సెప్పీయండి. ఇనీసి ఇంటికెల్తాను."

పెద్దలు లేవడానికి కండువాలు దులుపుకున్నారు. కానీ పిలిపించాక ఏదో ఒక తీర్పు చెప్పాలి కదా. బయట ఉన్నా, ఇంట్లో ఉన్నా సన్యాసమ్మ ఇకమీదట ఊరి రేవులో కాలు పెట్టకూడదన్నారు. పెడితే ఆ ఇంటికి నిప్పూ నీళ్ళూ బంద్ అన్నారు. తలారి దాసును కర్ర ఇచ్చి రేవు దగ్గర నిలబెట్టారు.

సన్యాసమ్మ ఆ తీర్పును తు.చ. తప్పకుండా పాటించింది. మర్నాడు రేవు ఛాయలకే పోలేదు. ఒడ్డున ఉన్న మా చెరకు మడిలోకి వెళ్ళి, ఆకు కోసుకుపోతున్నా లెక్కచేయకుండా చెరకు గడల మధ్య నుంచి ఏటి గట్టుకు చేరింది. అక్కడ మెట్లు లేవు. గట్టు నిట్టనిలువుగా ఉంటుంది, కిందే మడుగు. ఆ గట్టు మీద నుంచి దూకింది.

వాలులో ఈదుకుంటూ ఊరి రేవుకు ఎదురుగా నడిమేటికి వచ్చేసరికి దాసు కంగారుపడి కర్ర ఎత్తాడు.

"అమ్మా, దిగకూడదమ్మా! మునసబుగారు తిడతారు!"

"నీ రేవులో దిగలేదు దాసూ. కర్ర సాపు, అందుతానేమో సూడు."

దాసు కర్ర దించేశాడు. అతని ఇంట్లోనూ ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. సన్యాసమ్మ తిరిగి, ఎదురీదుకుంటూ పైకి పోయింది.

పెద్దలకు అప్పుడు తెలిసివచ్చింది. ఊరి రేవులోనైతే ఆవిడ దిగిన నీళ్ళు కిందికి పోయేవి. ఇప్పుడు రేవుకు పైన దిగుతోంది. ఆవిడ మీదుగా పారిన నీళ్ళలోనే ఊరు మునగాలి. పొమ్మనడానికి అది ఊరి రేవు కాదు, వాళ్ళ సొంత మడి. కొందరు వచ్చి మా మావయ్యతో గొడవ పడ్డారు. ఆయన చెరకు పడిపోకుండా ఆకులతో జడ కట్టుకుంటూ, "ఆవిడతోనే మాట్లాడండి," అని ఊరుకున్నాడు.

రెండో మనిషిగా ఆ గట్టుకు వెళ్ళింది మా అమ్మ. పుళ్ళు పూర్తిగా మానాయని సన్యాసమ్మ స్వయంగా చూశాక గానీ నీళ్ళలోకి రానివ్వలేదు. అక్కడ లోతు, నిలబడి స్నానం చేయడానికి లేదు. ఈత రాకపోతే దిగలేరు. వదినగారు ఆనపబుర్రలు కట్టి తోసింది. అమ్మ గోల పెట్టింది.

"ముందు కాల్లు కొట్టు. ఏడుపు ఒడ్డెక్కినాక ఏడుద్దువు."

ఆ మాట తరవాత ఆ మడుగులో చాలామంది విన్నారు. గడ్డి కోతకని చెప్పి ఒకామె వచ్చింది. పుట్టింటి నుంచి కొత్తగా వచ్చిన కోడలు ఒకతె, అత్తగారి కన్నుగప్పి వచ్చింది. గొయ్యి వల్ల ఒళ్ళంతా దురదలు పట్టి, తన మొగుడు దగ్గరికి రానివ్వడం లేదని ఏడుస్తూ ఒక కూలిమనిషి వచ్చింది. తిట్టిపోయినవాళ్ళలోనే కొందరు తిరిగి వచ్చారు. సన్యాసమ్మ ఎవరినీ పిలవలేదు, వచ్చినవాళ్ళను పొమ్మనలేదు. తన కట్టుబాట్లు మాత్రం తనకు ఉండేవి. పుళ్ళున్న మనిషి నీళ్ళలోకి రాకూడదు. వరద నీళ్ళు ఎర్రగా ఉన్నన్నాళ్ళు ఎవరూ దిగకూడదు. గుడ్డలు మడుగులో జాడించకూడదు, బాల్చీలో నీళ్ళు తోడుకుని ఒడ్డున సబ్బు పెట్టి ఉతికి, ఆ నీళ్ళు చెరకు మొదళ్ళకు పోయాలి.

గుడ్డలు ఆరవేయడానికి రెండు తాటిచెట్ల మధ్య కొబ్బరితాడు కట్టింది. పట్టపగలు, ఫెళ్ళుమనే ఎండలో, పాత చీర ముక్కలు వరసగా ఎగురుతుండేవి. గట్టున పోయే మగవాళ్ళు తల తిప్పుకుని పోయేవారు. మా మావయ్య కూడా మొదట్లో చుట్టు తిరిగి వెళ్ళేవాడు. ఒకరోజు తాడు జారి గుడ్డలు మట్టిలో పడబోతుంటే, పలుగు అక్కడ పడేసి వచ్చి, తాడు బిగించి కట్టి, మళ్ళీ పనిలోకి పోయాడు.

అమ్మమ్మ తన జన్మలో కోడలిని మెచ్చుకోలేదు. ఆ నాలుగు రోజులూ వంటింట్లోకి రానిచ్చేదీ కాదు. అయితే రోజూ పొద్దున్నే గట్టు మీదికి వచ్చి, చెరకాకు పరుచుకుని కూర్చునేది. "సిగ్గూ ఎగ్గూ నేని గుంటలు," అని నీళ్ళలో ఉన్న ఆడపిల్లలను తిడుతూ, వాళ్ళ పొడిబట్టలు కాపలా కాసేది. ఎవడైనా కుర్రాడు అటు తొంగిచూస్తే మట్టిబెడ్డ విసిరేది. గురి తప్పేది కాదు.

పెద్దల అరుగు మీద ఆ ఊసు మళ్ళీ రాలేదు. మరుసటి వేసవిలో గణపతిరావు, "కింద ఇసక మేటేసింది, చెలమలు ఇంకాస్త పైకి తీసుకుంటే నీల్లు తియ్యగుంటాయి," అన్నాడు. అందరూ ఔనన్నారు. ఆడవాళ్ళ గట్టుకు చాలా పైన చెలమలు తవ్వుకున్నారు. గొయ్యి దగ్గరికి పోయే ఆడమనిషి కనపడడం మానేసింది. పందులకు అడ్డు లేకపోయింది.

సన్యాసమ్మకు పిల్లలు కలగలేదు. ఆ మడుగులో ఈదిన మిగతావాళ్ళు మాత్రం ఇబ్బడిముబ్బడిగా కన్నారు. మా అమ్మకే ఐదుగురం. నానిపోయిన కడుపు మాట ఊళ్ళో ఎవరూ అనలేకపోయారు. నేను పెద్దయ్యాక ఒకసారి అడిగాను, బాధగా ఉండేదా అని. "ఉండదేటి? ఉండీది. నీ తల్లి నిన్ను ఒల్లో ఏసుకుంటే సూడలేక పొలం పోయేదాన్ని. కానీ ఆ బాద నాది. దాన్ని అట్టుకెల్లి ఏటికి ముడెట్టితే మాత్రం ఊరుకోను," అంది.

యాభై ఎనిమిదిలోనో, తొమ్మిదిలోనో ఒకరోజు, గణపతిరావు కూతురు రాజ్యం ఆ గట్టుకు వచ్చింది. పెద్దమనిషై అప్పటికి ఏడాది కాలేదు. బయట ఉంది. అడక్కుండానే చీర గోచి పోసుకుని, గట్టు అంచున నిలబడింది. అమ్మమ్మ ఎగాదిగా చూసి, బుర్రలు అందించింది. సన్యాసమ్మ పిల్ల నడుముకు కట్టి, తను ముందు దిగి, చేతులు చాపింది. రాజ్యం కళ్ళు మూసుకుని దూకింది.

కాసేపటికి చెరకులో గలగల వినిపించింది. గొడుగు పట్టుకుని గణపతిరావు వస్తున్నాడు. కనకమహాలక్ష్మి చెప్పిందో, ఇంకెవరు చెప్పారో. ఆడవాళ్ళు గబగబా మెడలోతు నీళ్ళలోకి జారుకున్నారు. సన్యాసమ్మ ఒక చేత్తో రాజ్యం గడ్డం నీళ్ళ పైకి పట్టుకుని గట్టు వైపు తిరిగింది.

"బాబూ, అక్కడే ఆగిపోండి. ఇది ఆడోల రేవు. మగోలు ఈ గట్టుకి రాకూడదు."

"నా కూతురు..."

"ఇక్కడే ఉన్నాది. ఈత నేర్సుకుంటన్నాది. ఇప్పుడు మీతో మాట్లాడితే నోట్లోకి నీల్లెల్తాయి. తానం అయినాక ఇంటికొస్తాది, అప్పుడడుగుదురు. ఎనక్కెల్లండి."

ఆయన అక్కడే నిలబడ్డాడు. తాడు మీద గుడ్డలు గాలికి కొట్టుకుంటున్నాయి. అమ్మమ్మ చెయ్యి పక్కనున్న మట్టిబెడ్డ మీద పడింది. చివరికి ఆయన గొడుగు ముడుచుకున్నాడు. విప్పి ఉంటే చెరకులోంచి వెళ్ళడం కష్టం. వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. ఆకుల చప్పుడు దూరమైంది.

రాజ్యం నీళ్ళు మింగి, దగ్గి, కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఎల్లిపోయేరా?"

"ఎల్లిపోయేరు," అంది సన్యాసమ్మ. "కాల్లు కొట్టు."